సీత కోసం వెతికితే స్వాతి వస్తోంది, ఎల్లయ్య మాత్రం రావట్లేదు: సౌండెక్స్ గురించి నా అనుభవం

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక నర్సింగ్ హోమ్‌లో సుమారు రెండు లక్షల పేషెంట్ల రికార్డులు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి, పదేళ్ళలో కౌంటర్‌లో ఎంతమంది మారారో అంతమందీ ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళు కొట్టారు. పాత పేషెంట్ వచ్చి పేరు చెబితే సెర్చ్‌లో దొరకదు, వెనక క్యూ పెరుగుతుంటుంది, కొత్త నంబర్ ఇచ్చేస్తారు, అలా ఒక్కో మనిషికి మూడు నాలుగు ఫైళ్ళు తయారయ్యాయి. ఎవరో సౌండెక్స్ వాడమన్నారు, అంటే స్పెల్లింగ్ వేరైనా ఒకేలా పలికే పేర్లకి ఒకే కోడ్ ఇచ్చే పద్ధతి, వాడారు. ఇప్పుడు సీత అని కొడితే స్వాతులు, సుధలు కూడా దిగుతున్నారు, ఎల్లయ్య మాత్రం ఎంత కొట్టినా రావట్లేదు. కోడ్‌లో తప్పెక్కడుందని అడిగారు.

కోడ్‌లో తప్పేమీ లేదు. సౌండెక్స్ దాని పని అది సరిగ్గానే చేస్తోంది, కాకపోతే అది మన పేర్ల కోసం పుట్టింది కాదు. రాబర్ట్ రస్సెల్, మార్గరెట్ ఓడెల్ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేసిన పద్ధతి అది, మొదటి పేటెంట్ 1918లో వచ్చింది. కంప్యూటర్లే లేవప్పుడు, కార్డుల మీద పేర్లు సర్దుకోవడానికి చేసుకున్నారు. 1930ల్లో పాత అమెరికా జనాభా లెక్కల్లో మనుషుల్ని వెతకడానికి ఇదే పద్ధతిలో కార్డులు రాశారు. స్మిత్‌ని ఐతో రాసినా వైతో రాసినా ఒకేచోట దొరకాలన్నది వాళ్ళ అవసరం. ఆ అవసరం బాగానే తీరింది. మనం దాన్ని తెచ్చి వెంకటేశ్వర్లు మీద పెడుతున్నాం.

అది చేసేది చాలా చిన్న పని. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. తర్వాత అచ్చులన్నీ, వాటితోపాటు హెచ్, డబ్ల్యూ, వై కూడా తీసి పారేస్తుంది. మిగిలిన హల్లుల్ని ఆరు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక అంకె ఇస్తుంది: బి, ఎఫ్, పి, వి ఒకటి, సి, జి, జె, కె, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ రెండు, డి, టి మూడు, ఎల్ నాలుగు, ఎమ్, ఎన్ ఐదు, ఆర్ ఆరు. ఒకే అంకె పక్కపక్కన వస్తే ఒకటే ఉంచుతుంది. మొదటి అక్షరం, మూడు అంకెలు, అంతే కోడ్. అంకెలు చాలకపోతే సున్నాలు పెడుతుంది.

ఇప్పుడు సీత సంగతి చూడండి. ఎస్, ఆ తర్వాత టి, మిగతావన్నీ పోతాయి: ఎస్300. సత్యలో ఎస్, టి: ఎస్300. సుధలో ఎస్, డి: ఎస్300. స్వాతిలో డబ్ల్యూ, హెచ్ రెండూ పోతాయి: ఎస్300. సైదా, సదయ్య కూడా అక్కడే. రాణి, రాము, రమ ముగ్గురూ ఆర్500. ఎమ్, ఎన్ ఒకే గుంపు కాబట్టి దానికి వాళ్ళ మధ్య తేడా తెలియదు. గీత జి300, గౌడ్ కూడా జి300. నేను మొదటిసారి గీత అని వెతికినప్పుడు తెరంతా గౌడ్‌లే వచ్చారు, పక్కనున్న కౌంటర్ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

కారణం ఒక్కటే. ఇంగ్లిష్ ఇంటిపేర్లలో గుర్తు హల్లుల్లో ఉంటుంది, అచ్చు అటూ ఇటూ అయినా కొంప మునగదు. మన పేర్లలో సగం గుర్తు అచ్చుల్లోనే ఉంటుంది. అచ్చులు తీసేస్తే రాముకీ రమకీ మిగిలేది ఒకటే ఎముక.

ఎల్లయ్య రాకపోవడానికి ఇంకో కారణం. మీ దగ్గర కొందరు ఇంగ్లిష్ 'ఇ' (E) అక్షరంతో మొదలుపెట్టారు, కొందరు వైతో. మొదటి అక్షరాన్ని సౌండెక్స్ ముట్టుకోదు కాబట్టి ఒకరు ఇ400, ఒకరు వై400, వీళ్ళు ఎప్పటికీ కలవరు. ఏడుకొండలు, ఎర్రయ్య, యేసు అన్నీ ఇదే బాపతు. పిహెచ్‌తో రాసే ఫణి, ఎఫ్‌తో రాసే ఫణి. జెతో ఝాన్సీ, జెడ్‌తో ఝాన్సీ. జిఎన్‌తో జ్ఞానేశ్వర్, జెఎన్‌తో జ్ఞానేశ్వర్. ఓతో ఓబులేసు, వితో వోబులేసు. మొదటి అక్షరం దగ్గరే తేడా వచ్చే పేర్లు మన దగ్గర ఎన్నున్నాయో ఒకసారి కూర్చుని రాసుకోండి, మీకే ఆశ్చర్యమేస్తుంది.

మైఎస్‌క్యూఎల్ వాడుతున్నారు కాబట్టి ఇంకో తిరకాసు చెప్పాలి. దాని సౌండెక్స్ నాలుగు అక్షరాల దగ్గర ఆగదు, పేరు ఎంత పొడుగుంటే కోడ్ అంత పొడుగు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి వేరే డేటాబేస్‌లలో నాలుగు దగ్గర కత్తిరిస్తుంది. అందుకని పోస్ట్‌గ్రెస్‌లో వెంకటేష్, వెంకటయ్య, వెంకటమ్మ, వెంకటరమణ, వెంకటేశ్వర్లు అందరూ వి523, అంటే సగం ఊరు ఒకే గంపలో. మీ దగ్గర దీనికి ఎదురు సమస్య: శ్రీనివాస్‌కీ శ్రీనివాసరావుకీ వేర్వేరు కోడ్‌లు. పైగా మైఎస్‌క్యూఎల్ ముందు అచ్చులు తీసేసి ఆ తర్వాత జంట అంకెలు ఏరేస్తుంది, మిగతావి ముందు జంటలు ఏరి తర్వాత అచ్చులు తీస్తాయి. రమణ పోస్ట్‌గ్రెస్‌లో ఆర్550, మీ దగ్గర ఆర్500. కాబట్టి నెట్‌లో ఎవరో పెట్టిన ఉదాహరణ చూసి మీ కోడ్ తప్పనుకోకండి. ఒక చోట తీసిన కోడ్‌లని ఇంకో చోటికి ఎక్కించకండి కూడా.

మరి మెటాఫోన్ అని, పలికే తీరుని బట్టే కోడ్ ఇచ్చే ఇంకో పద్ధతి ఉంది, అది వాడితే? అందరూ తర్వాత చెప్పే సలహా ఇదే. లారెన్స్ ఫిలిప్స్ 1990లో చేశాడు, 2000లో డబుల్ మెటాఫోన్ అని ఇంకోటి వచ్చింది. ఇంగ్లిష్ పలుకుబడికి సౌండెక్స్ కన్నా చాలా మేలు. మనకి మాత్రం ఒక చోట గట్టి దెబ్బ కొడుతుంది. దక్షిణాదిలో మనం త శబ్దానికి టిహెచ్ రాస్తాం: లత, కవిత, గీత, స్వాతి. ఉత్తరాది వాళ్ళు, కొందరు మనవాళ్ళు కూడా, ఉత్త టి రాస్తారు. మెటాఫోన్ టిహెచ్ కనబడగానే ఇంగ్లిష్ 'థింక్'లో శబ్దం అనుకుని వేరే కోడ్ ఇస్తుంది, దాంతో టితో లత ఒకటి, టిహెచ్‌తో లత ఇంకొకటి అయిపోతారు. డబుల్ మెటాఫోన్ రెండో కోడ్‌లో దీన్ని కొంత సర్దుతుంది, కానీ రెండు కాలమ్‌లు పెట్టి అటూ ఇటూ నాలుగు పోలికలు చెయ్యాలి. హెచ్‌ని గుడ్డిగా పారేసే సౌండెక్సే ఈ ఒక్క విషయంలో నయం!

అక్షరాల తేడా లెక్కపెట్టే లెవెన్‌స్టైన్ దూరం గురించి కూడా అడిగారు. అది మంచి పనిముట్టే కానీ ముందుగా వాడేది కాదు. సీత, గీత ఇంగ్లిష్‌లో ఒక్క అక్షరం తేడా, దూరం 1. కెఎస్‌హెచ్‌తో రాసిన లక్ష్మి, ఎక్స్‌తో రాసిన లక్ష్మి ఒకే మనిషి, దూరం 3. అంటే ఉత్త దూరం లెక్కేస్తే లక్ష్మికి లక్ష్మి కన్నా సీతకి గీత దగ్గర చుట్టం. ముందు స్పెల్లింగ్‌ని ఒక దారికి తెచ్చి, అప్పుడు దూరం కొలవాలి.

నేను చేసేది, మీకూ చెప్పేది ఇదే: మన పేర్లకి మనమే ఒక కీ తయారుచేసుకోవడం. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. తూర్పు యూరప్ యూదుల పేర్లకి సౌండెక్స్ పనికిరావట్లేదని డైచ్, మోకోటాఫ్ అనే ఇద్దరు 1985లో వాళ్ళ సొంత పద్ధతి చేసుకున్నారు. వాళ్ళ గొడవ ఏంటో తెలుసా, ఒకే ఇంటిపేరుని కొందరు డబ్ల్యూతో రాస్తారు, కొందరు వితో. డబ్ల్యూని సౌండెక్స్ పారేస్తుంది, విని ఉంచుతుంది, కోడ్ మారిపోతుంది. మన విశ్వనాథ్‌కి కూడా అచ్చం ఇదే జరుగుతుంది.

కీ అంటే ఇంకేమీ కాదు, వరసగా కొన్ని మార్పిడులు. ముందు అన్నీ చిన్న అక్షరాలు చేసి, చుక్కలు, శ్రీ, శ్రీమతి, డాక్టర్ లాంటివి తీసెయ్యాలి. తర్వాత ఎక్స్‌ని కెఎస్ చెయ్యాలి. హల్లు పక్కన వచ్చే హెచ్‌ని తీసెయ్యాలి: టిహెచ్ టి, డిహెచ్ డి, బిహెచ్ బి, ఎస్‌హెచ్ ఎస్, అలాగే కె, జి, జె, పి పక్కనున్నవి కూడా. సిహెచ్‌ని మాత్రం ముట్టుకోకండి. ఎఫ్‌ని పి, జెడ్‌ని జె, డబ్ల్యూని వి చెయ్యాలి, కానీ దానికన్నా ముందే ఓడబ్ల్యూ, ఓయు, ఏఓ మూడింటినీ ఏయు కింద మార్చెయ్యాలి, లేకపోతే చౌదరి, గౌరి చెడిపోతారు. పాత కాగితాల్లో రావుని ఆర్ఓడబ్ల్యూ అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళూ ఇక్కడే దారికొస్తారు. రెండు ఈలు ఒక ఐ, రెండు ఓలు ఒక యు. చివర వై వస్తే ఐ. మొదట్లో వైఈ వస్తే ఉత్త ఈ, మొదట్లో విఓ వస్తే ఉత్త ఓ. ఏఐఏహెచ్, ఏవైవైఏ రెండూ ఏవైఏ. ఇవన్నీ అయ్యాక జంట అక్షరాలు ఒకటి చెయ్యాలి. అచ్చులు మాత్రం పారేయొద్దు.

మూర్తిని ఈ మరలో వేసి చూడండి. ఓఓ, టిహెచ్, చివర వైతో ఒకాయన. యు, టిహెచ్, వైతో ఇంకొకాయన. హెచ్ లేకుండా యు, టి, వైతో మూడో ఆయన. చివర ఐ పెట్టి నాలుగో ఆయన. ఓఓ పోయి యు అయింది, హెచ్ రాలిపోయింది, వై ఐగా మారింది. నలుగురూ ఎమ్‌యుఆర్‌టిఐ దగ్గర తేలారు. కెఎస్‌హెచ్ లక్ష్మి, ఎక్స్ లక్ష్మి ఇద్దరూ ఎల్ఏకెఎస్ఎమ్ఐ. ఎల్లయ్యలు ఇద్దరూ ఒకటయ్యారు. సీత, సుధ, స్వాతి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

దీనికీ ఖర్చుంది. శుభ, సుబ్బ ఒకటైపోతారు, ఎందుకంటే హెచ్ పోయింది, జంట బి కూడా పోయింది. నేను దాన్ని అలాగే వదిలేశాను. దొరకాల్సిన మనిషి దొరకకపోవడం కన్నా అదనంగా ఒక సుబ్బమ్మ కనబడటం నాకు ఫరవాలేదు.

రూల్స్‌కి లొంగనివి కొన్ని ఉంటాయి, వాటికి ఒక చిన్న మారుపేర్ల పట్టిక పెట్టుకోండి. కోస్తా జిల్లాల్లో షేక్‌ని ఎస్‌కె అని, మహమ్మద్‌ని ఎమ్‌డి అని రాయడం మామూలే, ఏ శబ్దం పద్ధతీ దీన్ని పట్టుకోలేదు. వెంకటి ఎంకటి అవుతాడు, కృష్ణయ్య కిష్టయ్య అవుతాడు, శ్రీను సీను అవుతాడు. ఆధార్‌లో ఒకటి, నోటితో చెప్పేది ఒకటి. ఇలాంటివి నా పట్టికలో మొదట ఇరవై కూడా లేవు, కౌంటర్ వాళ్ళు 'సార్ ఇది రాలేదు' అన్నప్పుడల్లా ఒకటి చేర్చుకుంటూ పోయాను.

ఇప్పుడు టేబుల్ సంగతి. సెర్చ్ చేసేటప్పుడు కాలమ్ మీద ఫంక్షన్ పెట్టకండి. త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే మామూలు ఇండెక్స్ అప్పుడు పనికిరాదు, రెండు లక్షల వరసలూ ప్రతిసారీ తిరగాల్సివస్తుంది. పేరు సేవ్ అయ్యేటప్పుడే కీ లెక్కేసి పెట్టండి. అదీ పేరు మొత్తానికి ఒకే కీ కాదు. పక్కన ఇంకో టేబుల్ పెట్టి, పేరులో ఒక్కో ముక్కకి ఒక్కో వరస: పేషెంట్ నంబర్, ముక్క కీ. దాని మీద ఇండెక్స్. ఎందుకంటే మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, కొన్ని ఫారాలు దాన్ని చివరికి నెడతాయి, కొందరు పొడి అక్షరంగా రాస్తారు, పెళ్ళయ్యాక కొందరికి ఇంటిపేరే మారుతుంది. ముక్కలుగా ఉంటే వరస ఏదైనా ఇబ్బంది లేదు. ఒక్క అక్షరం ముక్క వస్తే ఆ అక్షరంతో మొదలయ్యే ఏ ముక్కతోనైనా కలిసినట్టు లెక్కెయ్యండి, కానీ ఎంత బాగా కలిసిందో చెప్పే మార్కులు దానికి తక్కువ ఇవ్వండి.

శ్రీనివాసరావుని కొందరు కలిపి రాస్తారు, కొందరు విడిగా. రావు, రెడ్డి, అమ్మ, అయ్య, కుమార్, దేవి, బేగం లాంటి తోకలు అంటుకుని ఉంటే కోసి విడి ముక్కలు చెయ్యండి. శ్రీనివాసలో చివర ఏ మిగిలిపోతుంది, కాబట్టి పొడుగు ముక్కల చివర ఏ కూడా తీసెయ్యండి. పొట్టి పేర్లలో తియ్యొద్దు, రమ రామ్ అయిపోతుంది.

మార్కుల దగ్గర ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రావుకి రావు కలిస్తే సమాచారం ఏమీ లేదు, అది అందరికీ ఉంది. అరుదైన ఇంటిపేరు కలిస్తే సగం పని అయిపోయినట్టే. కీ టేబుల్‌లో ఒక్కో ముక్క ఎన్నిసార్లు ఉందో లెక్క తీసి, ఎక్కువసార్లు ఉన్నదానికి తక్కువ మార్కులు ఇస్తే చాలు. ఇలా వచ్చిన యాభై వందమందిలో కీలకి కీలకి లెవెన్‌స్టైన్ దూరం కొలిచి వరస పెట్టండి. యుతో రాసిన లక్ష్మి ఒక అక్షరం తేడాతో బయట ఉండిపోతుంది కదా, అలాంటివాళ్ళని తేవడానికి కీలో మొదటి మూడు అక్షరాలో చివరి మూడు అక్షరాలో కలిసినవాళ్ళని కూడా ఈ గుంపులోకి లాగండి. మైఎస్‌క్యూఎల్‌లో లెవెన్‌స్టైన్ సొంతంగా లేదు, మీ అప్లికేషన్ కోడ్‌లోనే చేసుకోండి, వందమందికి అది లెక్కలోకి రాని పని. పోస్ట్‌గ్రెస్‌కి మారే ఆలోచన ఉంటే అక్కడ లెవెన్‌స్టైనూ, మూడేసి అక్షరాలుగా పోల్చే ట్రైగ్రామ్ పద్ధతీ ఎక్స్‌టెన్షన్లుగా వస్తాయి. ట్రైగ్రామ్ పొడుగు పేర్లకి బావుంటుంది, నాలుగక్షరాల పేర్లకి తేలిపోతుంది.

తెలుగులో పేర్లు ఎక్కించే ఆలోచన కూడా ఉందన్నారు. నిజానికి అది ఇంకా తేలిక, మన లిపిలో రాసిందే పలుకుతాం కాబట్టి. సౌండెక్స్ మాత్రం తెలుగు అక్షరాల మీద పెట్టకండి, దాని ఆరు గుంపులూ ఇంగ్లిష్ అక్షరాలవే. అక్కడా అదే కథ: ఒత్తి పలికే హల్లుని మామూలు హల్లు చెయ్యాలి (భని బ, ధని ద), శ, ష, స ఒకటి, ణ, న ఒకటి, ళ, ల ఒకటి, దీర్ఘం తీసి హ్రస్వం చెయ్యాలి. కృష్ణని క్రిష్ణ, క్రుష్ణ అని కూడా కొడతారు, ముగ్గుర్నీ కలపాలి. చౌదరి, చవుదరి. ఎల్లయ్య, యెల్లయ్య. సున్నా రాయాల్సినచోట కొందరు న పొల్లు పెట్టి కిందికి ఒత్తు ఇస్తారు, అదీ చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా ఒకరోజు నాకు శ్రీనివాస్‌రావు దొరకలేదు. తెరమీద రెండు పేర్లూ అచ్చు గుద్దినట్టు ఒకటే. కంటికి కనబడే తేడా ఏమీ లేదు, కానీ డేటాబేస్ కాదంటుంది. గంటన్నర తర్వాత తేలిందేమంటే, ఒకదాంట్లో స్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో 200సి. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా తెలుగు కీబోర్డులు దాన్ని పెడతాయి. కీ తీసేముందు దాన్ని తుడిచెయ్యండి. నా గంటన్నర మీకు మిగులుతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలన్నదానికి అడ్డదారి లేదు. పాత రికార్డుల్లోంచి ఓ రెండొందల పేర్లు తీసి, పైకి చదివి, కౌంటర్‌లో ముగ్గురి చేత విడివిడిగా టైప్ చేయించండి. ఒకళ్ళు కొట్టింది ఇంకొకళ్ళు చూడకూడదు. ఆ స్పెల్లింగులతో వెతికితే అసలు మనిషి మొదటి పదిమందిలో వచ్చాడా లేదా, అదొక్కటే లెక్క. రూల్ మార్చినప్పుడల్లా ఇదే జాబితా మళ్ళీ నడపండి, ఒక పేరు బాగుచెయ్యబోతే ఇంకో మూడు చెడటం ఇక్కడ రోజూ జరిగేదే.

ఇక చివరి ప్రశ్న, ఇప్పటికే ఉన్న డూప్లికేట్ ఫైళ్ళని రాత్రి ఒక స్క్రిప్ట్ పెట్టి కలిపెయ్యొచ్చా అని. వద్దు. నేను చేశాను కాబట్టి చెప్తున్నా. చాలా ఏళ్ళ కిందట ఒక ఆసుపత్రికి పనిచేస్తూ, పేరు సౌండెక్స్ ఒకటై, ఊరు ఒకటై, పుట్టినతేదీ ఒకటైతే ఒకే మనిషి అని తేల్చేసి కలిపేశాను. మూడు కలిశాక ఇంకేం కావాలనుకున్నాను. సీతమ్మ, సత్యమ్మ ఇద్దరూ ఎస్350. ఇద్దరిదీ ఒకే ఊరు. పుట్టినతేదీ పెద్దవాళ్ళు ఎవరు చెబుతారు, కౌంటర్‌లో వయసు అడిగి లెక్కేసి జనవరి 1 కొట్టేసేవాళ్ళు, అదీ కలిసింది. రెండ్రోజుల తర్వాత ఒక నర్సు వచ్చి, 'ఈమెది బి పాజిటివ్ అని నేనే రాశాను, ఇప్పుడు ఓ పాజిటివ్ చూపిస్తోంది, ఏంటిది' అని నిలదీసింది. ఆమె కళ్ళు సరిగ్గా పనిచేశాయి కాబట్టి సరిపోయింది. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చాం, మధ్యలో రెండ్రోజుల ఎంట్రీలు రాత్రంతా కూర్చుని మళ్ళీ కొట్టాం.

అందుకని మీ స్క్రిప్ట్ జాబితా మాత్రమే తయారుచెయ్యాలి. అనుమానం ఉన్న జంటల్ని పక్కపక్కన చూపించండి: పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు, ఫోన్ చివరి నాలుగు అంకెలు, ఆఖరిసారి వచ్చిన తేదీ. జనవరి 1 తేదీలకి మార్కులు వెయ్యకండి. ఆ పేషెంట్ ఎదురుగా ఉన్నప్పుడు అడిగి, కౌంటర్‌లో మనిషే ఒకటని నొక్కాలి. నొక్కినా దేన్నీ చెరపకండి. రెండు నంబర్లూ అలాగే ఉంచి, ఇవి రెండూ ఒకరివే అని ఇంకో చిన్న టేబుల్‌లో ఎవరు నొక్కారో, ఎప్పుడు నొక్కారో రాసుకోండి. తప్పయితే ఆ ఒక్క వరస తీసేస్తే మళ్ళీ ఎవరి ఫైలు వాళ్ళకి వచ్చేస్తుంది.